తిమోతన్న ట్రయలు

మదనపల్లెలో మెకానిక్కు తిమోతి చేత కారు బాగు చేయించుకోవడం తేలిక. బాగైన కారును ఆయన దగ్గర్నించి విడిపించుకోవడమే గగనం. ట్రయలు చూడందే బండి వదలడు. ట్రయలంటే వీధి చివరిదాకా పోయి వెనక్కి రావడం అనుకునేరు. అది వేరే మెకానిక్కుల ట్రయలు. మీరు ఏ ఊరికి పోవాలని బండి బాగు చేయించుకున్నారో ఆ ఊరిదాకా తిమోతి వస్తాడు. మీరు తిరుపతికి పోతుంటే ట్రయలు తిరుపతి దాకా. పెళ్ళిచూపులకు పోతుంటే ట్రయలు పెళ్ళికూతురి ఇంట్లో పాయసం దాకా.

షెడ్డులో ఉన్నంతసేపు ఆయన్ని చూస్తే గ్రీజు ఎక్కడ అయిపోయి మనిషి ఎక్కడ మొదలయ్యాడో చెప్పలేం. ట్రయలు అనేసరికి అవతారం మారిపోతుంది. పెరట్లోకి పోయి మొహం తోముకుని, పౌడరు కొట్టుకుని, ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, జేబులో ఒక నిమ్మకాయ వేసుకుని బయటికి వస్తాడు. నిమ్మకాయ ఎందుకన్నా అని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది.

"పెట్రోలు వాసన కనిపెట్టల్లంటే ముక్కు శుద్ధంగా ఉండల్ల గదప్పా. నిమ్మకాయ ముక్కుకి సబ్బు మాదిరి."

బండి మాత్రం తను నడపడు. ఎవరి బండి వాళ్ళే నడపాలి. "అది నీ కాలికి అలవాటు పడింటాది. నేను తొక్కితే నాకు మర్యాద చేస్తాది గానీ నిజం చెప్పదు" అంటాడు. పక్కసీట్లో కూర్చుని, కిటికీ అద్దం అడుగుదాకా దించి, కళ్ళు మూసుకుంటాడు. ఎవరైనా పలకరించబోతే చెయ్యెత్తి ఆపుతాడు. "గమ్మునుండండి. ఇంజను మాట వింటాండా." దారిలో మంచినీళ్ళు కూడా ముట్టడు. ఊరు చేరి కాసేపయ్యాక మాత్రం విస్తరి ముందు ఆయన్ని ఓడించినవాళ్ళు లేరు. ఇంకేముంది, ఈ వేషమంతా భోజనాల కోసమేనని ఊళ్ళో నలుగురూ తీర్మానించేశారు. స్వర్ణ కూడా ఆ నలుగురిలో ఒకతె.

స్వర్ణ ఇల్లు షెడ్డు వెనక సందులోనే. తిమోతన్న ట్రయళ్ళ కథలు ఆమె చెప్తే వినాలి. ఓళిగలు, అదే కోస్తావాళ్ళు బొబ్బట్లంటారే అవి, తట్టుకుంటూ చెప్తుంది, వినేవాళ్ళు నవ్వలేక పొట్ట పట్టుకుంటారు.

భానుప్రకాశ్ అనే కుర్రాడు పుంగనూరుకు పెళ్ళిచూపులకు పోయినప్పుడు, చాప మీద అతని పక్కన తెల్లచొక్కాతో తిమోతి ఒక్కడే కూర్చున్నాడట. పిల్ల తండ్రి మర్యాదగా అడిగాడు.

"తమరు పిల్లోనికి ఏమైతారు?"

"నేను కారు తరపప్పా."

పిల్ల తండ్రి కాసేపు ఆలోచించి, అది ఎటువైపు చుట్టరికమో తేల్చుకోలేక, "పిల్లోడు ఎట్లాంటోడు?" అన్నాడు.

"మదనపల్లె నుంచి ఈడిదాకా గుంతలే గదా. ఒక్కసారి గూడా గేరు మీద కోపం సూపించలా. అల్లుడికి ఇంతకంటే ఏం గావల్ల?"

సంబంధం ఆ పూటే ఖాయమైంది.

టైలరు రుక్మిణమ్మ అన్నదమ్ములతో భూమి పంపకానికి పలమనేరు రిజిస్ట్రారాఫీసుకు పోయినప్పుడు కూడా తిమోతి ట్రయలుకు పోయాడు. పనంతా అయ్యేదాకా ఆమె కుర్చీ వెనక నిలబడి, చేతిలో పెద్ద స్పానరు పట్టుకుని, దాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడట. ఎంత తుడిచినా మురికి పోలేదు. అంతవరకూ ఆఫీసు కప్పు లేచిపోయేట్టు అరుస్తున్న అన్నదమ్ములు ఎందుకో గొంతులు తగ్గించి మాట్లాడారు.

ఒంటరిమనిషి దేవరాజులు సారు హెర్నియా ఆపరేషనుకు చిత్తూరు పోతే తిమోతి అక్కడే ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు. ఇంటికి రావా అని భార్య రాహేలు ఫోను చేస్తే, "ఇంజను ఇంకా సల్లబడలే" అన్నాడు. సారు లేచి నడిచేదాకా ఆ ఇంజను చల్లబడలేదు.

ఇందులో ఒక వింత ఉంది. ట్రయలు అందరికీ ఉండదు. టమోటా మండీ ఆసామి కారు ఇటుకబట్టీ మాదిరి పొగ వదిలేది. ఇంటినిండా తమ్ముళ్ళు, కొడుకులు, అల్లుళ్ళు. వాళ్ళొచ్చి అడిగితే తిమోతి తాళాలు విసిరేశాడు. "ఎత్తుకపోండప్పా, ఏం గాదు." ఉన్నవాళ్ళంటే తిమోతికి వణుకు, లేనివాళ్ళనే పీక్కు తింటాడు అని దానికీ ఊరు ఒక తీర్మానం చేసింది.

ఇక స్వర్ణ సంగతి. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఆమె చేసి అమ్మే ఓళిగలు నోట్లో వేసుకుంటే మాట్లాడుతున్న మాట మర్చిపోతారు. మొగుడు సురేంద్ర కువైట్లో డ్రైవరు. పోతూ పోతూ తన పాత చిన్న కారును ఆమెకు అప్పజెప్పి పోయాడు. స్వర్ణ డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది. కానీ ఆమె బండి రెండో గేరు దాటి ఎరగదు. మార్కెట్టుకు పోయి వచ్చేది, నిలబడివున్న బండ్లకు కూడా హారను కొట్టేది. ఊరు దాటాలంటే ఉదయ్ కిరణ్ అనే డ్రైవరును పిలుచుకునేది.

అట్లా ఒకసారి పుంగనూరులో బుజ్జమ్మగారి గృహప్రవేశానికి ఓళిగలు తీసుకుపోయింది. మర్నాడు బుజ్జమ్మ ఫోను.

"ఏం స్వర్ణా, అవి ఓళిగలా? తింటావుంటే బంకులో నిలబడినట్టుండె. మా మామ బీడీ ముట్టించబోతే పిల్లోళ్ళు గుంజేసినారు."

స్వర్ణకు తల కొట్టేసినట్టయింది. కారు ముందరి మూత ఎత్తి చూస్తే ఇంజను పక్కన పెట్రోలు పంపు కింద బొట్టు బొట్టుగా కారుతోంది. ఆ వాసన లోపలికి వచ్చి బుట్టల్లో దూరింది. ఎవరికైనా చెప్తే పోయేది. కానీ చేతిలో విద్య ఉన్నవాళ్ళు ఊరుకోరు కదా. సాగి సాగి పట్టుకునేది ఓళిగల మైదాపిండి కంటే లోకంలో ఏముంది? నూనెలో నానిన ముద్ద తీసి పంపు చుట్టూ అందంగా తట్టి, అంచులు నొక్కి, తృప్తిగా మూత వేసింది.

అది ఒక పూట ఆగింది. తర్వాత వీధి వీధంతా వేగిన పెట్రోలు వాసన కొట్టింది. బండి తిమోతి షెడ్డుకు చేరింది.

తిమోతి మూత ఎత్తి చాలాసేపు చూశాడు.

"స్వర్ణమ్మా, పంపుకి ఓళిగ చుట్టినావా?"

"కారతాందని అతికిచ్చినా అన్నా."

"ఒక పక్క బాగా కాలిండాది. రెండో పక్క తిరగెయ్యల్ల." తర్వాత నవ్వు ఆపేసి, ఆ ముద్ద ఊడబీకి అవతల పారేశాడు. "ఇంకోసారి ఇట్లా చేయొద్దమ్మా. నిప్పు అంటుకుంటే బండీ ఉండదు, నువ్వూ ఉండవు."

పంపు లోపల రబ్బరు పొర ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది, అది చిరిగితే పెట్రోలు బయటికి కారుతుంది. ఇంత పాత బండికి ఆ పొర మదనపల్లెలో దొరకలేదు. తిమోతి పుంగనూరు పాతసామాన్ల అంగళ్ళన్నీ తిరిగాడు. చివరికి బెంగళూరు నుంచి పార్సిలు తెప్పించాడు. పొర మార్చాడు, పంపు కింద ఒత్తుగా వేసే అట్ట మార్చాడు, గట్టిపడిన గొట్టాలు పీకేసి కొత్తవి వేశాడు. రాత్రంతా బండి కింద తన తెల్ల తువ్వాలు పరిచి ఉంచాడు. తెల్లారి అది మల్లెపూవులా ఉంది.

స్వర్ణకు తొందర ఉంది మరి. కుప్పంలో గోవిందమ్మగారి కూతురి పెళ్ళి. అంత పెద్ద పెళ్ళికి ఓళిగలన్నీ స్వర్ణవే. పుంగనూరు కథ అప్పటికే కుప్పం దాకా పాకింది. గోవిందమ్మ నిష్ఠూరంగా చెప్పనే చెప్పింది. "ఈ తడవ వాసనొచ్చిందంటే మాత్రం ఈ పక్క ఎవురూ నిన్ను పిలవరు, చెప్తాండా." పప్పు ఉడకబెట్టే కొత్త గుండిగలు, కుంపట్లు అన్నీ ఆ పెళ్ళిని నమ్ముకునే కొన్నది. ఓళిగలు వాసన లేకుండా, విస్తళ్ళు వేసేలోగా కుప్పం చేరాలి. చేరితే వ్యాపారం నిలుస్తుంది, లేదంటే పొయ్యి ఆర్పుకోవాల్సిందే.

"ట్రయలుకి నువ్వూ రావల్లనా అన్నా?" అంది స్వర్ణ భయపడుతూ. అంత సామానుతో మనిషికి చోటెక్కడ?

"ఎవురు నడిపేది?"

"ఉదయ్ కిరణ్ వస్తాండాడు."

"అట్లయితే ట్రయలు వొద్దులే. పంపు రాయి మాదిరి ఉండాది. పోయిరా."

స్వర్ణ తన చెవులను తానే నమ్మలేదు. సందులో అందరికీ చెప్పింది. ట్రయలు లేకుండా తిమోతన్న బండి ఇచ్చాడంటే, మండీ ఆసామితో సమానంగా తనకూ పలుకుబడి వచ్చిందని గర్వపడింది.

పెళ్ళినాడు తెల్లవారేసరికి బుట్టలన్నీ అరటాకులు పరిచి, గుడ్డలు కట్టి, బండిలో సర్దింది. ఉదయ్ కిరణ్ రాలేదు. ఫోను వచ్చింది.

"అక్కా, బెంగళూరు ఎయిర్‌పోర్టు ట్రిప్పు తగిలిండాది. ఏమనుకోవాకు."

స్వర్ణ తెలిసిన డ్రైవర్లందరికీ ఫోను చేసింది. అది పెళ్ళిళ్ళ కాలం, ఒక్కడూ దొరకలేదు. కువైట్లో మొగుడు వీడియో కాల్లో "నువ్వే పో, ఏముంది, క్లచ్చు నిమ్మళంగా వదులు" అన్నాడు. అంత దూరంలో ఉండి క్లచ్చు వదలడం ఎవరికైనా సులభమే. ఆఖరికి తిమోతికి చేసింది.

"అన్నా, డ్రైవరు ఎవురన్నా ఉండారా? ఉదయ్ రాలేదు. నేనొక్కదాన్నే పోవల్ల మాదిరి ఉండాది. నా వల్ల కాదన్నా."



"ఆ పంపు మీద నాకు నమ్మకం లేదమ్మా. రాత్రంతా అదే ఆలోచన. ట్రయలు సూడల్ల."

"నిన్న రాయి మాదిరి ఉండాదంటివే."

"రాయి గూడా పగులుతాది. నిలబడు, వస్తాండా."

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. డ్రైవరు లేడనుకుంటే ఇప్పుడు పంపు కూడా లేదు. పౌడరు, తెల్లచొక్కా, నిమ్మకాయతో తిమోతి ప్రత్యక్షమయ్యాడు. పక్కసీట్లోని కొబ్బరి ఓళిగల బుట్టను ఒళ్ళో పెట్టుకుని, అద్దం దించి, కళ్ళు మూసుకున్నాడు.

"పోనీ."

ఊరు దాటేదాకా రెండో గేరే. ఇంజను గోల పెడుతోంది.

"మూడో గేరు వెయ్యి. పంపు మూడో గేర్లో ఎట్లుంటాదో వినల్ల."

వేసింది. బండి ఎగిరిపోలేదు. కాసేపటికి, "నాలుగోది వెయ్యి. నాలుగులో కారే పంపులు శానా ఉండాయి." అదీ వేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆ బండికి నాలుగో గేరు ఉందని స్వర్ణకు స్వయంగా తెలిసింది.

పుంగనూరులో ఒక ఆవు అడ్డం వచ్చి నిలబడింది. స్వర్ణ బ్రేకు తొక్కింది, ఇంజను ఆగిపోయింది, వెనక బస్సువాడు హారనుతో తిట్టాడు.

"యాల నిలిపినావు?" కళ్ళు తెరవలేదు.

"ఆవు అన్నా."

"పుంగనూరు ఆవేనా?"

"అదే."

"అయితే పొట్టిది. పక్కన సందు ఉంటాది సూడు, పో."

నిజంగానే ఉంది. పోయింది. పలమనేరు చేరేసరికి చేతుల చెమట కూడా ఆరింది. అప్పుడే గుప్పున పెట్రోలు వాసన. స్వర్ణ బండి పక్కకు ఆపేసి స్టీరింగు మీద తల పెట్టుకుంది.

"అయిపోయిందన్నా. అంతా అయిపోయింది. ఇంక నన్నెవురు పిలుస్తారు?"

తిమోతి గబుక్కున దిగాడు. గట్టిగా గాలి పీల్చుకున్నాడు, మూత ఎత్తాడు, పంపు కింద వేలు పెట్టి రాశాడు. ఆ వేలు తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఏ వాసనా లేదు.

"తల ఎత్తి ఎదురుగ్గా సూడమ్మా."

రోడ్డుకు అవతలి వైపు పెట్రోలు బంకు ఉంది. ట్యాంకరు నిలబడి నింపుతోంది. స్వర్ణకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. తిమోతి నవ్వలేదు. నిమ్మకాయ సగం కొరికి, మొహం ముడుచుకుని మళ్ళీ కూర్చున్నాడు.

అక్కణ్నించి అడవి దారి. ఏనుగులు దాటే చోటు అని బోర్డు.

"అన్నా, ఏనుగొస్తే?"

"హారను కొట్టొద్దు, దూరంగా నిలుపు. అది పోయినాక మనం పోదాం. దానికీ ఏదో పనుంటాది గదా."

ఏనుగు రాలేదు గానీ, శాంతిపురం దగ్గర గ్రానైటు లారీ వచ్చింది. ఇంటి గోడంత బండరాయిని మోసుకుంటూ, పెళ్ళి ఊరేగింపులా నడుస్తోంది. స్వర్ణ దాని వెనకే బుద్ధిగా పోసాగింది. ఎండ ఎక్కుతోంది. కుప్పంలో ఈపాటికి విస్తళ్ళు కడుగుతూ ఉంటారు.

"దాటమ్మా."

"నా వల్ల కాదన్నా."

"నిన్నెవురు అడిగినారు? లారీ సౌండులో మన పంపు మాట నాకు వినపళ్ళేదు. ట్రయలు యాడ సూసేది నేను? ఎదర ఎవురూ లేనప్పుడు హారను కొట్టు, మూడుకి దించు, తొక్కు."

పంపు కోసం స్వర్ణ తొక్కింది. బండరాయి పక్కనే మెల్లగా వెనక్కి జరిగింది, లారీ డ్రైవరు మొహం కనపడింది, తర్వాత ఖాళీ రోడ్డు. ఆమె ఒళ్ళంతా సంతోషంతో జల్లుమంది. "దాటేసినా అన్నా" అని చిన్నపిల్లలా చెప్పింది.

"పంపు బాగా పలికింది" అన్నాడు తిమోతి, పళ్ళు బిగించి.

కుప్పంలో గోవిందమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. పలకరింపు లేదు, ఏమీ లేదు. బుట్ట గుడ్డ విప్పించి, ఒక ఓళిగ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పెళ్ళివాళ్ళు చుట్టూ మూగారు. ఆమె ఒక పక్క చూసింది, రెండో పక్క తిప్పి చూసింది, మడిచి చూసింది. 

"ఏలకుల వాసనే" అంది గోవిందమ్మ. ఎవరో సందేహంగా మొహం పెడితే, వాళ్ళ ముందే దాన్ని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసి నమిలి, ఇంకోటి తీసుకుంది. "నిలబడొద్దండి, బిన్నా వంటింట్లో పెట్టండి. ఈడుంటే విస్తళ్ళ దాకా మిగలవు."

ఆ మాటతో స్వర్ణకు వ్యాపారం తిరిగొచ్చింది. రెండో పంక్తి లేచేసరికి ఇంకో రెండు పెళ్ళిళ్ళవాళ్ళు ఆమె ఫోను నంబరు అడిగారు. తిమోతన్నకు చెప్దామని వెతికితే ఆయన భోజనాల దగ్గర లేడు. పందిరి వెనక అరుగు మీద, మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయి, మిగిలిన సగం నిమ్మకాయ ముక్కుకు పెట్టుకుని కూర్చున్నాడు. స్వర్ణ కంగారుపడి రాహేలుకు ఫోను చేసింది.

"వొదినా, చేరినాం. అన్న మాత్రం అదోలా ఉండాడు."

"వాంతి చేసుకున్యాడా?" అంది రాహేలు, అన్నం తిన్నాడా అని అడిగినంత మామూలుగా.

"వాంతా? యాల?"

"ఆయనకి కారు పడదు గదమ్మా. పెండ్లయినప్పటి నుంచీ అంతే. బస్సు ఎక్కితే ఏం గాదు, రైలు ఎక్కితే ఏం గాదు. కార్లో కూర్చుంటే కడుపులో పేగులన్నీ నోట్లోకి వస్తాయి. కండ్లు మూసుకోని, నిమ్మకాయ పట్టుకోని, ఎట్లనో ఉంటాడు."



"మరి ట్రయళ్ళు యాల పోయేది వొదినా?"

"అది అడిగితే ఒప్పుకోడు. పక్కసీట్లో మనిషుంటే పంపు మీద, బ్రేకు మీద, అన్నిటి మీదా నమ్మకమే. ఒంటిగా పోతాండారని తెలిస్తే సాలు, నమ్మకం పోతాది. నిమ్మకాయ యాడ పెట్టినావే అని నా పానం తీస్తాడు."

స్వర్ణ ఫోను పెట్టేసి అక్కడే నిలబడిపోయింది. భానుప్రకాశ్‌కు అమ్మానాన్నలు లేరు. రుక్మిణమ్మ వెంట ఆ రోజు ఎవరూ పోలేదు. దేవరాజులు సారు సంగతి సరేసరి. ఇన్నాళ్ళూ తను చెప్పి నవ్వించిన కథలన్నిటిలోనూ ఆ పక్కసీటు ఖాళీదే. ఈయన పేగులు నోట్లో పెట్టుకుని అందులో కూర్చున్నాడు. ఆమెకు ఆయన మీద పట్టలేనంత ప్రేమా కోపమూ కలిసి వచ్చాయి.

"అన్నా, పంపుకి ఏమీ లేదు గదా? నిన్ననే బాగైపోయుండె గదా? నా భయం సూసి వస్తివి, అంతే గదా?"

"భయమా? ఎవురికి?" తిమోతి మొహం చిట్లించాడు. "నేను మెకానిక్కుని తల్లీ. పంపు సంగతే నాకు తెలిసేది."

"సరే పదన్నా భోంచేద్దాం. తిరిగి పోయేటప్పుడు..."

"నేను బస్సులో పోతా. ట్రయలు అయిపాయ. ఇంక నీ బండి, నీ కాలు."

స్వర్ణ బతిమాలలేదు. బతిమాలాల్సిన అవసరం తనకు లేదని ఆమెకు అర్థమైంది. ఆయన విస్తరి దగ్గర కూర్చుని, అడక్కుండానే తనే ఓళిగలు వడ్డించింది. నెయ్యి ఆయన వొద్దన్నకొద్దీ పోసింది.

సాయంత్రం ఎండ తగ్గాక ఖాళీ బుట్టలతో బయల్దేరింది.  ఈసారి ఊరు దాటకముందే మూడో గేరు వేసింది. శాంతిపురం అవతల ముందు ఒక పల్లెవెలుగు బస్సు, నిండా జనంతో, నింపాదిగా పోతోంది. ఎదర ఎవరూ లేరు. హారను కొట్టింది, మూడుకు దించింది, తొక్కింది. బస్సు సగం దాటేసరికి ఒక కిటికీలో తెల్లచొక్కా కనపడింది. రంగు తిరిగొచ్చిన మొహంతో తిమోతి, పొద్దుట్నించీ గట్టిగా మూసుకున్న కళ్ళు రెండూ ఇంతింత చేసుకుని ఆమెనే చూస్తున్నాడు. తర్వాత బస్సులోకి తిరిగి, కండక్టరుకూ ముందుసీటువాళ్ళకూ అందరికీ వినపడేట్టు చెప్తున్నాడు.

"సూడండప్పా, మా స్వర్ణమ్మ. ఒక్కతే పోతాండాది."

పంపు మాట ఒక్కటి కూడా ఎత్తలేదు. బస్సు బస్సంతా కిటికీల్లోంచి వంగి చూసింది. స్వర్ణ నవ్వుకుంటూ నాలుగో గేరు వేసి, బస్సును దాటి, పలమనేరు దారి పట్టింది.